జంపక్క వండిన ఆముదం

దుమ్ముగూడెం,
8 మార్చి 1987

జహీరా,

ముందు నీ మీద కోపం. డిసెంబరులో రాసిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు లేదు. ఆ లాబొరేటరీలో ఎలుకల మధ్య కూర్చుని మనుషుల్ని మరిచిపోయినట్టున్నావు. ఖమ్మం హాస్టల్లో నా పచ్చడి సీసాలన్నీ ఖాళీ చేసిన విశ్వాసమైనా లేదు. సరే, కోపం సంగతి తర్వాత.

నేను మేనత్తనయ్యాను. పోయిన నెలాఖరులో మరదలు రత్నానికి ఆడపిల్ల పుట్టింది. ఇలా ఒక్క ముక్కలో రాసేశాను గానీ, ఆ రోజు మేం రత్నాన్ని పోగొట్టుకున్నామనే అనుకున్నాం. కాన్పు ఇంట్లోనే. పిల్లను తీసింది జంపక్క. ఈ ఊళ్లో సగం మందిని భూమ్మీద పడేసిన చేయి అది. నన్నూ, తమ్ముడు వెంకటరామారావునూ తీసింది కూడా ఆవిడే. పిల్ల కేర్‌మంది, మేం నవ్వుకున్నాం, అంతలో చూస్తే రత్నానికి నెత్తురు ఆగడం లేదు. “ఇగ నా చేతుల లేదు, జల్దీ దవాఖానాకు తీస్కపోండ్రి” అని మొదట అరిచింది జంపక్కే. మీ అన్న మన్సూర్ కిరాయి జీపు ఆ పూట ఊళ్లోనే ఉండటం మా పుణ్యం. నేనూ అమ్మా పసిగుడ్డుతో ఇంట్లో ఉండిపోయాం. తమ్ముడు రత్నాన్ని తీసుకుని ఆ జీపులో భద్రాచలం వెళ్లాడు.

అక్కడ రక్తం ఎక్కించాలన్నారట. తమ్ముడే ఇచ్చాడు! నువ్వు నమ్మవని తెలుసు. కుక్క కరిచినప్పుడు సూదులకు భయపడి ధాన్యం గాదె వెనక దాక్కున్న మనిషి. అప్పటినుంచి అమ్మ వాడికి రోజూ మేక కార్జం వండి పెడుతోంది. “నా కొడుకు పెండ్లానికి నెత్తురు పోసి బతికించుకున్నడు” అని దారినపోయే వాళ్లను పిలిచి మరీ చెబుతోంది. వాడు మాత్రం తల దించుకుంటాడు. మా వాడికి ఇంత అణకువ ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

ఇప్పుడు నీతో అసలు పని. రత్నం ఇంటికొచ్చాక రోజూ పొద్దున జంపక్క వచ్చి తల్లికీ పిల్లకూ స్నానం చేయిస్తుంది. తెల్లారగట్ల తన ఇంట్లో ఆముదం గింజలు వేయించి, రోట్లో దంచి, వండి, ఆ నూనె ముంత పట్టుకుని అదే చీర మీద వస్తుంది. వావిలాకు నీళ్లు, సాంబ్రాణి పొగ, అన్నీ మామూలే. కానీ మొదటి రోజు ఆవిడ గదిలోకి వచ్చీ రాగానే రత్నానికి కళ్లూ ముక్కూ కారి, దురద, ఆ వెనకే ఆయాసం. ఛాతీలో పిల్లికూతలు. పెదవులు నల్లబడ్డాయి. జంపక్క వెళ్లిపోయాక మెల్లగా సర్దుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆవిడ రాని రోజున ఏమీ లేదు.

ఇక్కడి డాక్టరు ఉబ్బసం అని మాత్రలిచ్చాడు. రత్నానికి పుట్టి బుద్ధెరిగాక ఉబ్బసం లేదు. అమ్మ మొదట దిష్టి అంది. నిన్న ఇంకో మాట అంది, అది కాగితం మీద పెట్టబుద్ధి కావడం లేదు. నువ్వు చదివేది ఇదేగా, ఏదైనా చెప్పు.

నీ సుశీల

హైదరాబాద్,
13 మార్చి 1987

సుశీలా, సలాం.

తిట్లు అందాయి, పచ్చళ్ల బాకీ ఒప్పుకున్నాను. మేనత్తవైనందుకు సంతోషం. ఇక నీ పెత్తనానికి ఇంకో ప్రాణి దొరికింది.

రత్నం సంగతి చదువుతుంటే నా పరీక్షలే గుర్తొచ్చాయి. ఊపిరి గొట్టాల గోడల్లో, చర్మం కింద మాస్ట్ కణాలని ఉంటాయి. ఒక్కో కణం నిండా హిస్టమిన్ లాంటి ఘాటు రసాయనాలున్న చిన్న చిన్న సంచులు. కణం పైన యాంటీబాడీలు అంటుకుని ఉంటాయి. ఒక్కో యాంటీబాడీ ఒక్క వస్తువునే గుర్తుపడుతుంది. ఆ వస్తువు వచ్చి పక్కపక్కనున్న రెండింటిని ఒకేసారి తగులుకుని దగ్గరికి లాగిందా, కణం లోపలికి కబురు వెళ్లిపోతుంది. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి బిందె అందించుకున్నట్టు లోపల ఆ కబురు అందుతూ పోతుంది, కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది, సంచులు బయటికి కుమ్మరించుకుంటాయి. ఊపిరి గొట్టం బిగుసుకుని, వాచి, జిగురు కమ్ముతుంది. నీకు వినబడిన పిల్లికూతలు అవే. ఇదంతా నిమిషాల మీద జరుగుతుంది. ఆ కణం కుమ్మరిస్తూనే వేరే కణాలను కూడా కేకేస్తుంది, అందుకే కొందరికి సాయంత్రం మళ్లీ తిరగబెడుతుంది.

మీ అమ్మతో, అదే మా పెద్దమ్మతో చెప్పు, కణానికి మనుషుల పేర్లు తెలియవు. జంపక్కను చూసి ఆయాసం రాదు, జంపక్కతో వచ్చే వస్తువు వల్ల వస్తుంది. వావిలాకా, సాంబ్రాణా, ఆముదమా? రోజుకు ఒక్కటి చొప్పున ఆపి చూడు. డాక్టరును దగ్గర పెట్టుకుని చెయ్యి, రత్నం ముక్కు దురద అనగానే ఆ వస్తువును బయట పారెయ్యి. ఇది ఆటలాడే జబ్బు కాదు.

ఒక్కటే నాకు అంతుబట్టదు. ఈ యాంటీబాడీలు ఉన్నట్టుండి పుట్టవు. ఒంటికి ఆ వస్తువుతో ముందే పరిచయం ఉండి, లోలోపల చడీచప్పుడు లేకుండా తయారై ఉండాలి. అంతకుముందు కూడా రత్నానికి తుమ్మో దద్దురో వచ్చే ఉండాలే! బాగా గుర్తు చేసుకోమను.

జహీరా

దుమ్ముగూడెం,
20 మార్చి 1987

జహీరా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేసి పెద్ద తప్పు చేశానేమోనని భయపడుతున్నాను.

వావిలాకు ఆపితే ఆయాసం ఆగలేదు. సాంబ్రాణి ఆపినా ఆగలేదు. ఆముదం ఆపి, జంపక్కను మా బావి దగ్గర స్నానం చేయించి, నా చీర కట్టించి లోపలికి పంపితే రత్నం హాయిగా ఉంది. ఎగిరి గంతేశాను. మర్నాడు నీ శిష్యురాలినని నిరూపించుకుందామని కోమటి కొట్లో సీసా ఆముదం తెప్పించి రత్నం చేతికి రాశాను. ఏమీ కాలేదు. తర్వాత జంపక్క రాకుండా ఆవిడ ముంత మాత్రం తెప్పించి మూత తీశాను. రత్నం రెండుసార్లు తుమ్మింది, ఆపైన ఊపిరి ఈడ్చింది. డాక్టరు సూది వేశాడు కాబట్టి సరిపోయింది.

ఇదంతా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చూసి ఏమందో తెలుసా? “దుకాణం ఆముదం ఏం జేయలే. దాని ఆముదమే ప్రాణం తీస్తున్నది. ఇంక ఏం గావాలె నీకు? ముంతల మందు వెట్టింది గదనే!” పరీక్ష నాది, తీర్పు ఆమెది.

రత్నానికి ఆముదం కొత్త కూడా కాదు. వాళ్ల పుట్టిల్లు చండ్రుగొండ, ఇంటి చుట్టూ ఆముదం చేలే. “నా చిన్నప్పటినుంచి నేనే దంచేదాన్ని వదినా, ఒక్కనాడు తుమ్ము గూడ రాలే” అంటోంది. మరి ఇప్పుడెందుకు?

అమ్మ నిన్న పిచ్చయ్యను పిలిపించింది. ఏటి అవతల ఊరివాడు, చేతబడి పట్టుకుంటానని తిరుగుతాడు. బియ్యం గింజలు చల్లి, కళ్లు మూసుకుని, “పిల్లను మొదలు ముట్టిన చెయ్యే” అన్నాడు. పిల్లను మొదట ముట్టింది ఎవరో చెప్పడానికి మంత్రాలెందుకు, ఊళ్లో అందరికీ తెలుసు. జంపక్క ఇంటికి ఎవరూ పోవడం లేదు. ఆవిడ కొడుకు పోతయ్యను పనికి రావద్దన్నారు. చేతబడి చేసిందన్న ఆడదాన్ని ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏం చేస్తారో నీకు నేను చెప్పక్కర్లేదు.

వెంటనే రాయి. ఏదో ఒకటి, వీళ్ల నోరు మూయించేది రాయి.

సుశీల

హైదరాబాద్,
24 మార్చి 1987

సుశీలా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. కూర్చోవాలని కూడా తోచలేదు. నేను చెప్పిన పరీక్ష ఒక ముసలమ్మ మీద నేరం మోపిందా!

మొదటిది విను. కొట్లో ఆముదం మిల్లులో వడగట్టింది, గింజ పిండి అందులో మిగలదు. ఇంట్లో వండినదాంట్లో ఆ పిండి నలుసు ఉంటుంది, దంచేటప్పుడు కట్టుకున్న చీర మీద ఇంకా ఎక్కువ. రత్నానికి పడనిది ఆ నలుసు. జంపక్క ముంతే అక్కర్లేదు, చండ్రుగొండలో వాళ్లమ్మ వండిన ఆముదం తెప్పించినా ఇదే జరుగుతుంది. ఇది పెద్దమ్మకు ఈ రోజే చెప్పు.

రెండోది. ఇన్నేళ్లు దంచిన మనిషికి ఇప్పుడెందుకు వచ్చిందని ఒక రాత్రంతా ఆలోచించాను. రత్నం ఒంట్లో కొత్తగా వచ్చింది ఒక్కటే. ఎక్కించిన రక్తం.

అరవై ఏళ్ల కిందట ఇద్దరు డాక్టర్లు తమ మీదే పరీక్ష చేసుకున్నారు. ఒకాయనకు చేప పడదు. ఆయన రక్తంలోని సీరం రెండో ఆయన చర్మంలోకి ఎక్కించి, మర్నాడు అక్కడే చేప రసం పొడిస్తే ఆ చోటు దద్దురెక్కింది. గుర్రం పడని మనిషి రక్తం ఎక్కించుకున్నవాడికి గుర్రబ్బండి ఎక్కగానే ఆయాసం వచ్చిన కేసు కూడా మా పుస్తకాల్లో ఉంది. యాంటీబాడీలు రక్తంతో పాటు వచ్చేస్తాయి. రత్నం కణాలు వాటిని పట్టుకుని పైన అంటించుకుంటాయి. ఎవరి సొత్తని అడగవు. ఆ తర్వాత ఆముదం నలుసు తగిలితే చాలు, లోపలికి కబురు వెళ్లిపోతుంది. భయపడకు, ఇది ఉండిపోయేది కాదు. అరువు తెచ్చుకున్నవి కొన్ని వారాల్లో అరిగిపోతాయి.

ఇప్పుడు అసలు మాట. రక్తం ఇచ్చినవాడికి ఆముదం పడకూడదు. మీ తమ్ముడికి పడదా? ఎప్పుడైనా ఆయాసపడ్డాడా? నా జన్మలో ఆముదం గింజకు ఊపిరాడని మనిషిని ఒక్కణ్ణే చూశాను, మా అన్న మన్సూర్. మామయ్య నూనె మిల్లు వదిలేసి జీపు పట్టింది అందుకే. ఆ రోజు దవాఖానా దాకా వెళ్లింది మీ తమ్ముడూ మా అన్నయ్యా ఇద్దరే కదా.

అన్నకు కూడా ఈ పూటే రాస్తున్నాను. నువ్వు మీ తమ్ముణ్ణి అడుగు. అందరి ముందూ అడుగు.

జహీరా

దుమ్ముగూడెం,
2 ఏప్రిల్ 1987

జహీరా,

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే చదువుకో.

నీ ఉత్తరం శనివారం అందింది. ఆ సాయంత్రం అమ్మనూ, తమ్ముణ్ణీ, పిచ్చయ్య వెంట తిరిగే నలుగురు పెద్దమనుషులనూ కూర్చోబెట్టి మొత్తం చదివాను. మీ అన్న సంగతి ఉన్న వాక్యాలు మాత్రం పైకి చదవలేదు. తమ్ముడికి తనంతట తాను చెప్పే అవకాశం ఇద్దామనుకున్నాను. అందరూ వాడి వైపు తిరిగారు. వాడు లేచాడు. అటక మీది జంపక్క ముంత తీశాడు. చేతి నిండా నూనె పోసుకుని, రెండు చేతులకూ, మెడకూ రాసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు.

“చూడుండ్రి. నాకేమన్న అయిందా? నెత్తురు ఇచ్చింది నేను. గీ కథలు పట్నంల చెప్పుకొమ్మను” అన్నాడు.

అంతే. జంపక్కకు మిగిలిన ఒక్క ఆధారం వాడు అందరి కళ్ల ముందూ తుడిచేశాడు. నూనె రాసుకుని నిజమే చూపించాడు, నోటితో అబద్ధం చెప్పాడు. పెద్దమనుషులు తలలూపుకుంటూ వెళ్లిపోయారు. నేను వాడిని పక్కకు లాగి, “మన్సూరన్న ఇచ్చిండా? నిజం చెప్పురా” అన్నాను. “నీకు తమ్ముడు ఎక్కువనా, ఆ ముసల్ది ఎక్కువనా?” అన్నాడు. దాంతో నాకు నిజం తెలిసిపోయింది. తెలిసి ఏం చేశాను? తెల్లారాక చూద్దాం, మీ అన్ననే తీసుకొచ్చి చెప్పిద్దాం అనుకున్నాను.

మర్నాడు ఆదివారం, అమావాస్య. రత్నానికి మందులు అయిపోతే నేను మొదటి బస్సుకు భద్రాచలం వెళ్లాను. మందులు తీసుకుని అక్కడే ఉన్న మీ ఇంటికి వెళ్తే అన్న కిరాయికి వెళ్లాడన్నారు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి తిరిగొచ్చాను. అప్పటికి అయిపోయింది. జంపక్కను పంచాయతీ ఆఫీసు ముందుకు ఈడ్చుకొచ్చి, రాయితో ముందు పళ్లు రెండు రాలగొట్టారు. పళ్లుంటే మంత్రం పలుకుతుందట. పోతయ్యను స్తంభానికి కట్టేశారు. ఊరు ఊరంతా చూసింది. తమ్ముడు చేయి చేసుకోలేదట. అక్కడ నిలబడి ఉన్నాడట, అంతే. జంపక్క వాడి వైపే చూసి, “రామారావూ, నువ్వన్న చెప్పు బిడ్డా” అని మొత్తుకుందట.

నేను వెళ్లేసరికి ఆవిడ గుడిసె ముందు కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు జహీరా.

ఉగాది నాడు పొద్దున్నే మీ అన్న జీపు మా ముంగిట ఆగింది. చేతిలో నీ ఉత్తరం. గేటు దగ్గరే నిలబడి చొక్కా చేయి పైకి మడిచాడు. “చెల్లె, నెత్తురు నేనిచ్చిన. మీ తమ్ముడు సూది జూడంగనే కింద పడ్డడు. ఎవ్వరికి చెప్పకుమని చేతులు పట్టుకున్నడు. మంచి పనే గదా, చెప్పుకునుడు ఎందుకని ఊకున్న. గిట్లయితదని ఖుదాకే ఎరుక” అన్నాడు. అమ్మ ఉగాది పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. లోపలినుంచి రత్నం అంతా విన్నది. పిల్లను ఎత్తుకుని బయటికొచ్చి మీ అన్న కాళ్లకు దండం పెట్టి, జీపెక్కింది. “ముందు జంపక్కను దవాఖానాకు తీస్కపోదాం అన్నా” అంది.

వెనక సీట్లో ఆవిడతో నేను, ముందు సీట్లో రత్నం. జంపక్క చీరకు ఇంకా ఆముదం వాసన ఉంది. రత్నం దారి పొడుగునా కొంగుతో ముక్కు మూసుకుని, పిల్లికూతలు కూస్తూనే కూర్చుంది. దిగమన్నా దిగలేదు.

సుశీల

హైదరాబాద్,
7 ఏప్రిల్ 1987

సుశీలా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. నా పుస్తకాలన్నిటి మీదా అసహ్యం పుట్టింది. కణంలోపల కబురు ఎలా నడుస్తుందో అణువణువూ చెప్పగలను. ఒక మనిషి నోటిదాకా వచ్చిన నిజం బయటికి ఎందుకు రాదో నాకు తెలియదు.

అన్నకు కూడా గట్టిగా రాశాను. ఆయన మంచితనం ఆయన దగ్గరే దాచుకుంటే జంపక్కకు ఏం ఒరిగింది అని. పాపం, ఆయనకు అంత దూరం ఆలోచన ఎక్కడిది.

మీ తమ్ముడి గురించి నేనేమీ అనను. అంటే మళ్లీ నీ ముఖం చూడలేను.

రత్నాన్ని ఇంకో రెండు నెలలు ఆముదానికి దూరంగా ఉంచు. తర్వాత డాక్టరు ఎదుటే కొద్దిగా చూడండి. తగ్గితే, నేను రాసింది నిజమని ఊరికి తెలుస్తుంది. అప్పటికి ఎవరికి కావాలి ఆ నిజం అంటావా? జంపక్కకు కావాలి. ఆవిడ పేరు మీద పడ్డ మచ్చ అలా ఉండకూడదు.

జహీరా

దుమ్ముగూడెం,
14 జూన్ 1987

జహీరా,

ఇన్నాళ్లు రాయనందుకు ఈసారి నువ్వు తిట్టు, పడతాను.

రత్నం ఉగాది నుంచి మా ఇంట్లో లేదు. టీచరునని బడి పక్కన నాకిచ్చిన రెండు గదుల క్వార్టరులో నేనూ, తనూ, పిల్లా ఉంటున్నాం. అమ్మ రెండుసార్లు వచ్చింది. వాకిట్లో కూర్చుని పిల్లను ఆడించి వెళ్లిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు, “తురకాయన నెత్తురని నేను ఏమనలేదే, కోడల్ని ఇంటికి రమ్మను” అంది. రత్నం లోపలినుంచే, “నెత్తురు సంగతి ఎవరడిగిండ్రు అత్తా? నీ కొడుకు ఎక్కడ నోరు మూసుకున్నడో అక్కడ్నే తెరవాలె. అప్పటిదాక నేను రాను” అంది. మెత్తని మనిషి అనుకునేవాళ్లం ఇన్నాళ్లూ!

పోయిన వారం డాక్టరు ఎదుట ఆముదం పరీక్ష చేశాం. మొదట దూరంగా, తర్వాత దగ్గరగా. తుమ్ము కూడా రాలేదు. నువ్వు రాసినట్టే అన్నీ అరిగిపోయాయి. మర్నాడు రత్నం జంపక్క గుడిసెకు వెళ్లి, రోలు ముందు కూర్చుని తన చేత్తో గింజలు దంచింది. దారినపోయేవాళ్లంతా ఆగి చూశారు. పిచ్చయ్య ఊరు వదిలి పోయాడని అప్పటికే విన్నాం.

ఆ సాయంత్రం తమ్ముడు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఆదివారం పంచాయతీ ఆఫీసు దగ్గరికి జంపక్కను తీసుకురమ్మన్నాడు. నేను వెళ్లి అడిగాను. ఆవిడ పోతయ్య భుజం పట్టుకుని వచ్చింది. ఆ రోజు ఉన్నవాళ్లలో చాలామంది వచ్చారు. తమ్ముడు మధ్యలో నిలబడ్డాడు. రెండుసార్లు ఆగి, “నెత్తురు నేనియ్యలే. సూదికి భయపడ్డ. మన్సూర్ ఇచ్చిండు. నాకు ఎరుకుండి గూడ ఆ దినం చెప్పలే” అన్నాడు. తర్వాత ముందుకెళ్లి జంపక్క కాళ్ల మీద పడ్డాడు.

ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకుంది. జహీరా, పళ్లు లేక ఇప్పుడు ఆవిడ మాట సరిగా పలకదు, గాలి పోతుంది. అయినా అందరికీ వినబడింది.

“గీ మాట ఆ దినం చెప్తే నీ నోట్లకెళ్లి ఒక్క మాటనే పోతుండె. చెప్పకపోతివి, నా నోట్లకెళ్లి రెండు పండ్లు పోయినయ్. ఇప్పుడు నా కాళ్లెందుకు పట్టుకుంటవ్ బిడ్డా?”

అని పోతయ్య భుజం పట్టుకుని వెళ్లిపోయింది. క్షమించాననీ అనలేదు, శపించనూ లేదు. తమ్ముడు ఆ నేల మీదే కూర్చుండిపోయాడు. ఒక్కొక్కరూ లేచి వెళ్లారు.

రత్నం ఇచ్చిన మాట ప్రకారం ఇంటికి వెళ్తుందనే అనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుని దీపం పెట్టుకుని కూర్చుందట. రత్నం పిల్లను చంకనేసుకుని నా వెంట నడిచింది. “వదినా, నోరు తెరిచిండు, మంచిదే. గని ఆమె పండ్లు రాయి తీసుకుని రాలగొట్టినోళ్లు ఊళ్లెనే తిరుగుతున్నరు గదా” అంది.

నిన్న జంపక్కను తీసుకుని పోలీసు స్టేషనుకు వెళ్లాం. మీ అన్న జీపులోనే. రాయి పట్టుకున్నవాళ్ల పేర్లు, తనను ఈడ్చుకొచ్చినవాళ్ల పేర్లు ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. అక్కడే ఉండి ఆపనివాళ్ల పేర్లు కూడా రాయమంది. అందులో మా తమ్ముడి పేరు వచ్చినప్పుడు ఎస్సై కలం ఆపి నా వైపు చూశాడు. రాయండి అన్నాను. జంపక్క వేలిముద్ర వేసింది. ఆ వేలిముద్రకు సాక్షిగా మొదటి సంతకం నేను పెట్టాను.

రెండో సంతకం రత్నం పెట్టింది.

సుశీల